నిన్న ఇట్లా లేడు: ఆసుపత్రిలో పెద్దవాళ్ళ మనసు చాలు తప్పితే

మా నాయన తుంటి ఎముక విరిగి తిరుపతిలో ఒక ఆసుపత్రిలో చేరినప్పుడు ఆయనకి 78 ఏళ్ళు. మాది పూతలపట్టు దగ్గర పల్లె. చెరుకు పండించి, గానుగ ఆడించి, నలభై ఏళ్ళు బెల్లం వండిన మనిషి. పశువుల కొట్టం దగ్గర జారి పడ్డాడు. పుత్తూరు కట్టు కట్టిద్దామని మా చిన్నాయన పట్టుబట్టాడు. మా వైపు ఆ కట్టుకి ఎంత పేరుందో నాకు తెలుసు. కానీ ఈ వయసులో తుంటి విరిగితే ఆపరేషన్ చేయించి, వీలైనంత త్వరగా లేపి కూర్చోబెట్టాలి, లేకపోతే మనిషి మంచానికే అతుక్కుపోతాడు. స్టాఫ్ నర్సుగా 29 ఏళ్ళు వార్డుల్లో పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి ఇంట్లో అందరూ నా మాట విన్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మరుసటి రోజు కాఫీ తాగాడు, ఆవు ఈనిందా అని అడిగాడు. రెండో రోజు రాత్రి ఒంటిగంట దాటాక ఒక్కసారిగా లేవబోయాడు. "పాకం మాడిపోతాంది, దించండ్రా! యాడికి పోయినారు అందురూ?" అని అరుపు. సెలైన్ సూది పీకేశాడు. పట్టుకోబోతే నా చెంప మీద కొట్టాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన నా మీద చెయ్యెత్తడం అదే మొదలు.

"నాయనకి మతి పోయిందక్కా" అని తమ్ముడు ఏడ్చేశాడు. పక్క మంచం ఆవిడ గాలి సోకిందంది. వార్డు బాయ్ అయితే "ముసలివాళ్ళు ఇంతేనమ్మా" అని తేల్చేశాడు. ముగ్గురూ చెప్పింది తప్పు. దీని పేరు డెలీరియం. పేషంట్ పక్కన స్టూలు వేసుకుని కూర్చునే కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు దీన్ని ఎలా గుర్తుపట్టాలో, ఏం చేయాలో నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను. డాక్టర్లు రోజుకి రెండుసార్లు వచ్చి వెళ్తారు. ఇరవై నాలుగు గంటలూ చూసేది మీరు.

ఇది ఏమిటి

మన పాత మాటల్లో దీనికి సంధి అని పేరుంది. జ్వరం ముదిరి ఏదేదో మాట్లాడుతుంటే సంధి మాటలు అనేవాళ్ళు. డెలీరియం అనే పేరు లాటిన్ నుంచి వచ్చింది. ఆ భాషలో 'లీరా' అంటే నాగటి చాలు. చాలు విడిచి పక్కకి పోవడం అని ఆ మాటకి అర్థం. నర్సింగ్ చదివేటప్పుడు మా మేడమ్ ఈ సంగతి చెబితే నాకు వెంటనే మా చేను కళ్ళ ముందు కనిపించింది. ఎద్దు బెదిరితే నాగలి చాలు తప్పుతుంది. ఎద్దు ఎందుకు బెదిరిందో చూడాలి గాని నాగలిని తిట్టి లాభం లేదు. డెలీరియంలో మెదడు తడబడుతోందంటే దాన్ని బెదరగొట్టింది ఒంట్లో ఎక్కడో ఉంటుంది: ఇన్ఫెక్షన్, నొప్పి, రక్తంలో ఉప్పు (సోడియం) తగ్గడం, మందు పడకపోవడం, ఒంటికి (మూత్రం) రాక బిగుసుకుపోవడం. వయసు పైబడిన మెదడుకి తట్టుకునే శక్తి తక్కువ. పాతికేళ్ళ కుర్రాడికి జ్వరంగా మిగిలిపోయేది, ఎనభై ఏళ్ళ మనిషికి మతి తప్పేదాకా పోతుంది.

మతిమరుపు జబ్బుకీ దీనికీ తేడా ముందుగా కాలంలో కనిపిస్తుంది. మతిమరుపు నెలల తరబడి, ఏళ్ళ తరబడి మెల్లగా వస్తుంది. డెలీరియం గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. పైగా ఒకే తీరుగా ఉండదు. పొద్దున తొమ్మిదికి డాక్టర్ రౌండ్స్‌కి వచ్చినప్పుడు "నమస్కారం సార్" అని చక్కగా పలకరిస్తారు. సాయంత్రం దీపాలు పెట్టేసరికి గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు. ముందే మతిమరుపు ఉన్నవాళ్ళకి డెలీరియం వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. అందుకే "ఆయనకి ముందే మతిమరుపుంది" అన్న మాటతో ఎవరైనా తోసేస్తుంటే ఒప్పుకోకండి. ఉన్నదానికంటే ఒక్క రోజులో ఎక్కువైందా అన్నదే చూడాలి.

ఎలా పట్టుకోవాలి

1990లో షరాన్ ఇనౌయే అనే అమెరికా డాక్టర్, ఆమెతో పనిచేసిన వాళ్ళు కలిసి ఒక పద్ధతి తయారు చేశారు. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. అందులో నాలుగు సంగతులు చూస్తారు. మార్పు హఠాత్తుగా వచ్చి ఎక్కువ తక్కువ అవుతోందా? ధ్యాస నిలుస్తోందా? మాటకి మాట పొంతన ఉందా? మెలకువ మామూలుగా ఉందా, లేక మరీ మగతగానో మరీ ఉలికిపాటుగానో ఉందా? మొదటి రెండూ ఉండి, తర్వాతి రెండింటిలో ఏ ఒక్కటి ఉన్నా డెలీరియం అని అనుమానించాలి.

వీటిలో ఇంట్లోవాళ్ళకి అంతుపట్టనిది ధ్యాస. పేరు చెప్పగలిగితే, కూతుర్ని గుర్తుపడితే మతి బాగుందనుకుంటాం. అది సరిపోదు. వారాల పేర్లు ఆదివారం నుంచి వెనక్కి చెప్పమనండి: శనివారం, శుక్రవారం, గురువారం. బడి చదువు లేని పెద్దవాళ్ళు కూడా మామూలుగా ఇది చెప్పగలరు. మా నాయన సంతలో బెల్లం లెక్కలన్నీ నోటితోనే కట్టేవాడు. అలాంటి మనిషి శనివారం అని, ఆగి, "శనివారం... కొండకి పోవాల కదా" అని దారి తప్పాడు. మళ్ళీ అడిగితే కప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. ధ్యాస పోవడం అంటే ఇదే.

అడిగే ప్రశ్నలు మన మనుషులకి తగ్గట్టు ఉండాలి. డాక్టర్లు వాడే చిన్న పరీక్షల్లో వయసు, పుట్టిన తేదీ, ఇప్పుడున్న చోటు, ఈ సంవత్సరం అడుగుతారు. మన పెద్దవాళ్ళలో చాలామందికి పుట్టిన తేదీ అసలు తెలియదు, ఆధార్‌లో జనవరి 1 అని వేసి ఉంటుంది. అది చెప్పలేదని మతి తప్పినట్టు కాదు. చంద్రగిరి పెద్దాయన "మాది చిత్తూరు జిల్లా" అంటే కూడా తప్పు పట్టకండి. తిరుపతి జిల్లా విడిగా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లోనే. బతుకంతా చిత్తూరు జిల్లా అనే అన్నారు మరి. గంగమ్మ జాతర అయిపోయిందా, ఇంకా రావాలా? ఇప్పుడు పొద్దునా, సాయంత్రమా? ఇది ఇల్లా, ఆసుపత్రా? ఇలాంటివి అడగండి. నిన్న చెప్పగలిగినవి ఈ రోజు చెప్పలేకపోతున్నారా అన్నదే అసలు విషయం.

ఇంకొన్ని గుర్తులు చూపు మీదే తెలుస్తాయి. దుప్పటి అంచులు పీకడం, గాలిలో ఏదో ఏరుతున్నట్టు చేతులు ఆడించడం. మా నాయన రాత్రంతా చెనక్కాయలు వొలుస్తున్నట్టు వేళ్ళు కదిలించాడు. పగలు నిద్ర, రాత్రి మెలకువ. లేనివాళ్ళు కనిపించడం, ఎప్పుడో చనిపోయిన మేనత్తని పిలవడం. నర్సు మందు ఇస్తుంటే విషం పెడుతున్నారని భయపడటం.

మాట్లాడకుండా పడుకున్న మనిషి

ఇక్కడ కాస్త ఆగి చదవండి. అరిచేవాళ్ళని అందరూ పట్టించుకుంటారు. డెలీరియంలో ఇంకో రకం ఉంది. మనిషి మెత్తబడిపోతారు. పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంటారు. అన్నం ముద్ద నోట్లో పెడితే అలాగే ఉంచుకుంటారు. "పాపం, ఏ గొడవా లేదు, బాగా రెస్ట్ తీసుకుంటున్నారు" అని వార్డంతా మెచ్చుకుంటారు. పెద్దవాళ్ళలో ఈ రకం చాలా ఎక్కువగా వస్తుంది, ఎక్కువగా చూపు తప్పేది కూడా ఇదే. ప్రమాదమూ తక్కువ కాదు: నీళ్ళు తాగరు, కదలరు, పుండ్లు పడతాయి, మింగింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నా విషయంలో జరిగింది చెప్తాను. ఆ రాత్రి మా నాయనకి నిద్ర ఇంజెక్షన్ ఇచ్చి, చేతులు మంచం కడ్డీలకి గుడ్డతో కట్టారు. మర్నాడంతా ఆయన కదలకుండా పడుకున్నాడు. నేను 29 ఏళ్ళు నర్సుగా చేసినదాన్ని. రాత్రంతా నిద్ర లేక అలిసిపోయి, "పోనీలే, నిద్రపోయాడు" అని నేను కూడా ఊపిరి పీల్చుకున్నాను. సాయంత్రం ఐదింటికి పంచె సర్దుతూ పొత్తికడుపు మీద చెయ్యి పడితే గట్టిగా, బిర్రుగా, కుండ బోర్లించినట్టు తగిలింది. ముందురోజు యూరిన్ పైపు తీసేశారు. ఆ తర్వాత ఒంటికి పోశాడా లేదా అని ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. పైపు వేస్తే 900 మిల్లీలీటర్లు వచ్చింది. అంత నిండిన మూత్రాశయంతో ఆ మనిషి పగలంతా నోరు తెరవకుండా పడుకున్నాడు. ఆ సాయంత్రం తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది.

కాబట్టి మీవాళ్ళు హఠాత్తుగా నెమ్మదిగా అయిపోతే సంతోషపడకండి. భుజం తట్టి పేరు పెట్టి పిలవండి. మామూలుగా లేచే మనిషి లేవకపోతే అప్పుడే నర్సుకి చెప్పండి.

డాక్టర్‌కి ఏం చెప్పాలి

"మా నాన్న ఏదోలా ఉన్నాడు సార్" అంటే రౌండ్స్ హడావుడిలో ఆ మాట నిలబడదు. ఇలా చెప్పండి: "నిన్న సాయంత్రం దాకా ఇట్లా లేడు సార్. రాత్రి ఒంటిగంట నుంచి పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు, మధ్యలో బాగుంటున్నాడు. డెలీరియం ఏమో చూడండి." ఎప్పుడు మొదలైంది, ముందు ఎలా ఉండేవాడు, ఎలా మారుతోంది అనే ఈ మూడూ డాక్టర్‌కి రక్తపరీక్షలో దొరకవు. మనిషిని రోజూ చూసినవాళ్ళే చెప్పాలి.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. టైము, ఎలా ఉన్నారు, ఏం తాగారు, ఒంటికి పోశారా, మోషన్ అయిందా, ఏ మందు వేశారు. ఇంట్లో పాల లెక్క రాసుకున్నట్టు రాస్తే చాలు. డాక్టర్ వచ్చేసరికి మనిషి బాగుంటే మీ మాట నమ్మించడం కష్టం. అందుకని రాత్రి ఎలా ఉన్నారో ఫోన్‌లో అర నిమిషం వీడియో తీసి డాక్టర్‌కి చూపించవచ్చు. చూపించాక చెరిపేయండి. ఆ వీడియోని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టే పని మాత్రం ఎవరూ చేయొద్దు. ఒంటి మీద పంచె నిలవని స్థితిలో ఉన్న మనిషిని ఊరంతా చూడటం ఆయన బాగయ్యాక కూడా చెరిగిపోదు.

కారణం వెతకడం

కారణం ఒక్కటే ఉండటం అరుదు. మూడు నాలుగు కలుస్తాయి. పైనుంచి కిందకి ఒంటిని తడుముకుంటూ పోవడం నాకు వార్డులో అలవాటైన పద్ధతి, మీరూ అలాగే చేయవచ్చు.

కళ్ళు, చెవులు ముందు. కళ్ళద్దాలు ఎక్కడ? చెవి మిషన్ ఎక్కడ? అంబులెన్స్ హడావుడిలో రెండూ ఇంట్లోనే ఉండిపోతాయి. మా నాయన చెవి మిషన్ పల్లెలో అల్మారాలో ఉంది. రెండు రోజులుగా ఆయనకి సగం మాటలు వినపడక, ముసుగు వేసుకున్న మనుషులు వచ్చి ఒళ్ళు పొడిచి పోతుంటే దొంగలనుకోకుండా ఎలా ఉంటాడు? తమ్ముడు తెల్లవారుజామున బస్సులో పోయి తెచ్చాడు. ఐసీయూలో ఉంటే ఒక డబ్బా మీద పేరు రాసి అద్దాలు, మిషన్, పళ్ళ సెట్ అందులో వేసి నర్సు చేతికివ్వండి.

నోరు చూడండి. నాలుక ఎండి పిడచగట్టుకుపోయి ఉంటే నీళ్ళు చాలడం లేదన్నమాట. గంటకోసారి కాసిని గుక్కలు తాగించండి. మజ్జిగ, పలచటి రాగి అంబలి మనవాళ్ళకి నచ్చుతాయి. గుండె, కిడ్నీ జబ్బులున్నా, సోడియం తగ్గినా, ఎంత తాగించాలో డాక్టర్‌ని అడిగాకే.

సోడియం గురించి విడిగా చెప్పాలి. రక్తంలో అది 135 నుంచి 145 మధ్య ఉండాలి. మా నాయనకి 124 వచ్చింది. బీపీకి వాడే బిళ్ళల్లో ఒంటికి ఎక్కువ పోయించే మందు కలిసినవి ఉంటాయి. వాటివల్ల పెద్దవాళ్ళకి సోడియం పడిపోవచ్చు. మా నాయన వేసుకునేది అదే. తగ్గిన సోడియాన్ని ఒక్కసారిగా పెంచితే మెదడుకే దెబ్బ, అందుకే డాక్టర్లు రోజుకి కొంచెం కొంచెంగా పెంచుతారు. ఇంట్లోవాళ్ళు ఉప్పు నీళ్ళు కలిపి తాగించే పని పెట్టుకోవద్దు. షుగర్ బిళ్ళలు, ఇన్సులిన్ వాడేవాళ్ళకైతే మతి తడబడగానే షుగర్ చూడమని అడగండి, పడిపోయి ఉండవచ్చు. వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి అదీ చూడమనండి.

ఛాతీ, మూత్రం: దగ్గు, ఆయాసం, జ్వరం ఉన్నాయా? పెద్దవాళ్ళకి న్యుమోనియా వచ్చినా ఒక్కోసారి జ్వరం రాదు, మతి తప్పడమే మొదటి గుర్తు అవుతుంది. పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి చూడండి. యూరిన్ పైపు ఉంటే "ఇది ఇంకా అవసరమా?" అని రోజూ అడగండి. పైపు ఉంటే ఇన్ఫెక్షన్, తీసేస్తే ఒక్కోసారి బిగుసుకుపోవడం. రెండింటికీ కాపలా కాయాలి.

మోషన్ ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టండి. కాలు విరిగి పడుకుని, నొప్పి మందులు వాడుతూ, బెడ్‌పాన్ మీద సిగ్గుపడి ఐదు రోజులు బిగబట్టుకున్నవాళ్ళని నేను ఎందర్నో చూశాను. ఎనిమా ఇచ్చాక మతి కుదుటపడ్డవాళ్ళూ ఉన్నారు.

నొప్పి. కొందరు నొప్పి అని చెప్పలేరు, మూలుగుతారు, ముఖం ముడుస్తారు, ముట్టుకోనివ్వరు. నొప్పి మందు వల్ల మతి తప్పిందేమో అని దాన్ని పూర్తిగా ఆపేయమని అడగకండి. నొప్పి తగ్గకపోవడమూ డెలీరియంకి కారణమే. పారాసిటమాల్ లాంటిది టైము ప్రకారం ఇస్తూ, బలమైన మందులు ఎంత తక్కువతో సరిపోతాయో డాక్టర్ చూస్తారు.

మందుల సంగతి చాలా పెద్దది. ఇంట్లో వాడేవన్నీ, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే జలుబు బిళ్ళలతో సహా, సంచిలో వేసుకుని తీసుకెళ్ళి చూపించండి. నిద్ర బిళ్ళలు (అల్‌ప్రజోలమ్, డయాజెపామ్ జాతి), జలుబుకీ దురదకీ ఇచ్చే పాతకాలపు మందులు (క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్), కడుపునొప్పికి ఇచ్చే డైసైక్లోమిన్, వణుకుడుకి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, అమిట్రిప్టిలిన్, ట్రమడాల్. పెద్దవాళ్ళ మతిని తడబెట్టే మందుల్లో ఇవి ముందు వరసలో ఉంటాయి. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. ఏళ్ళ తరబడి వేసుకుంటున్న నిద్ర బిళ్ళని హఠాత్తుగా ఆపినా డెలీరియం వస్తుంది. "ఇందులో మానగలిగింది ఏదైనా ఉందా సార్?" అని అడగండి, చాలు.

చివరిది, ఎవరూ నోరు విప్పనిది: తాగుడు. రోజూ తాగే మనిషి ఆసుపత్రిలో చేరితే ఆ తాగుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. రెండు మూడు రోజులకి చేతులు వణుకు, చెమటలు, భయం, లేనివి కనిపించడం, ఒక్కోసారి ఫిట్స్. ఇది ప్రాణం మీదకి తెస్తుంది. దీని వైద్యం వేరు. మామూలు డెలీరియంలో వద్దనే నిద్ర మందుల జాతే ఇక్కడ కావాలి, బీ1 విటమిన్ ఇంజెక్షన్ కూడా ఇవ్వాలి. అల్లుడి ముందు, కోడలి ముందు పరువు పోతుందని చాలా ఇళ్ళల్లో దాచిపెడతారు. డాక్టర్‌ని పక్కకి పిలిచి, రోజుకి ఎంత, చివరిసారి ఎప్పుడు తాగాడో చెప్పండి.

పక్కన ఎలా కూర్చోవాలి

1999లో అమెరికాలో యేల్ యూనివర్సిటీ ఆసుపత్రిలో డాక్టర్ ఇనౌయే, ఆమెతో పనిచేసినవాళ్ళు 70 ఏళ్ళు దాటిన 852 మంది మీద చేసిన పని ప్రచురించారు. కొత్త మందేదీ వాడలేదు. మాట్లాడించడం, నడిపించడం, రాత్రి నిద్ర పట్టేలా చూడటం, అద్దాలు, చెవి మిషన్ పెట్టడం, నీళ్ళు తాగించడం. మామూలు వార్డులో నూటికి 15 మందికి డెలీరియం వస్తే, ఇలా చూసుకున్నవాళ్ళలో 10 మందికి కూడా రాలేదు. అక్కడ ఈ పనులకి వాలంటీర్లకి శిక్షణ ఇచ్చి పెట్టారు. మనకి ప్రతి మంచం పక్కనా ఇంటి మనిషి ఉంటాడు. ఈ బలం మన చేతిలో ఉండి కూడా వాడుకోవడం లేదని నా బాధ.

ముందు, పరామర్శకి వచ్చేవాళ్ళ సంగతి. ఆరుగురు ఒకేసారి మంచం చుట్టూ నిలబడి "నన్ను గుర్తుపట్టావా పెద్దాయనా? నేనెవరో చెప్పు!" అని ఒకరి తర్వాత ఒకరు పరీక్ష పెడతారు. పేరు చెప్పలేక ఆ మనిషి ఇంకా బెదిరిపోతాడు. వార్డు తలుపు దగ్గరే ఆపి చెప్పండి: ఒక్కొక్కరే వెళ్ళాలి, ముందు వాళ్ళే పేరు చెప్పుకోవాలి. "నేను మునెమ్మ కొడుకుని మామా, నిన్ను చూసి పోదామని వచ్చినా." ఇంత చాలు.

పొంతన లేని మాటలకి వాదన పెట్టుకోవద్దు. "పాకమేంది, గానుగేంది, ఇది ఆసుపత్రి కదా!" అని నేను మొదటి రాత్రి గట్టిగా అన్నాను. ఆయన ఇంకా రెచ్చిపోయాడు. మర్నాటి రాత్రి పొయ్యి ఆర్పాలని లేవబోతే చెయ్యి పట్టుకుని, ఎదురుగా కూర్చుని, "భయంగా ఉందా నాయనా? నేను నీ పెద్దకూతుర్ని. మనం తిరుపతిలో ఉండాము. నీ కాలికి ఆపరేషన్ అయింది, బాగైపోతుంది. చేను, గానుగ తమ్ముడు చూసుకుంటాండాడు" అన్నాను. చిన్న చిన్న మాటలు, మెల్లగా, చెవి మిషన్ ఉన్న వైపు నుంచి. ఐదు నిమిషాలకి మళ్ళీ అదే అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. ఆ రాత్రి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

వీలైతే కిటికీ పక్క మంచం అడగండి. మాకు మూడో రోజు దొరికింది. పొద్దున కళ్ళు తెరవగానే ఎదురుగా తిరుమల కొండ. "ఇది కొండే కదా పాపా?" అని ఆయనే అడిగాడు. అవునన్నాను. "అయితే తిరుపతే" అన్నాడు. గోడ మీద క్యాలెండరు, పెద్ద అంకెల గడియారం కూడా పెట్టాం. పగలు కర్టెన్లు తీసి వెలుతురు రానివ్వండి, కుర్చీలో కూర్చోబెట్టండి. తుంటి ఆపరేషన్ అయినవాళ్ళని కూడా మామూలుగా మర్నాడే ఫిజియోథెరపిస్ట్ సాయంతో లేపుతారు. నొప్పి అని మనమే అడ్డుపడకూడదు.

రాత్రి లైట్లు తగ్గించమనండి. ఫోన్లు, టీవీ ఆపండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు. నిలకడగా ఉన్న పేషంట్‌కి రెండింటికి బీపీ, మూడింటికి ఇంజెక్షన్, నాలుగింటికి రక్తం కాకుండా కలిపి చేసే వీలుందా అని డ్యూటీ నర్సుని మర్యాదగా అడగండి. కుదిరిన చోట చేస్తారు.

విభూతి పెడతామంటే పెట్టనివ్వండి, దిష్టి తీస్తామంటే తీయనివ్వండి. ఇంటివాళ్ళ మనసుకి అదో ధైర్యం. కానీ తిరుపతిలో ఒక్క విషయం ఖచ్చితంగా చెప్పాలి. మగతగా ఉన్న మనిషి నోట్లో తీర్థం పోయడం, లడ్డూ పలుకు పెట్టడం చేయొద్దు. మెలకువ లేకుండా మింగితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కళ్ళకద్దించి పక్కన పెట్టండి. పూర్తిగా మెలకువ వచ్చి, నిటారుగా కూర్చున్నాక, డాక్టర్ సరే అన్నాక పెట్టవచ్చు. అన్నమైనా ఇంతే.

చేతులు కట్టేయడం గురించి నా అభిప్రాయం గట్టిది. కట్టేస్తే భయం రెట్టింపవుతుంది, పెనుగులాటలో తోలు ఊడుతుంది, పడితే దెబ్బ ఇంకా పెద్దది. మేము వంతులవారీగా పక్కనే కూర్చుంటాం, కట్టొద్దు అని చెప్పండి. చెప్పాక నిజంగా కూర్చోండి. సెలైన్ సూది మీద కట్టు వేసి చొక్కా చెయ్యి కిందికి లాగితే కంటికి కనపడదు, పీకరు. మంచం ఎత్తు తగ్గించమనండి.

మత్తు మందులు డెలీరియంని నయం చేయవు. తనకి గాని ఎదుటివాళ్ళకి గాని దెబ్బ తగిలేంత ఆందోళన ఉండి, ఏ మాటకీ తగ్గనప్పుడు డాక్టర్ హాలోపెరిడాల్ లాంటిది చాలా తక్కువ డోసులో, కొద్ది రోజులు ఇవ్వవచ్చు. పార్కిన్సన్ జబ్బు ఉన్నవాళ్ళకి అది పడదు. ఆ జబ్బుంటే అడగకముందే చెప్పండి.

వీటికి మాత్రం ఒక్క నిమిషం ఆగొద్దు: మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, ఫిట్స్, ఎంత తట్టినా లేవకపోవడం, పెదాలు నీలంగా మారడం, తల నేలకి తగిలేలా పడటం, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళయితే. ఇంట్లో ఉండగా మతి హఠాత్తుగా తప్పినా 108కి ఫోన్ చేయండి, పొద్దున చూద్దామనుకోవద్దు.

తర్వాత

కారణం తీసేసిన వెంటనే మతి తిరిగి రాదు. కొందరికి రోజులు, కొందరికి వారాలు, నెలలు పడుతుంది. కొందరు పూర్తిగా మునుపటిలా కారు. మా నాయన ఆరో రోజుకి నన్ను పేరు పెట్టి పిలిచాడు. ఇంటికి వచ్చాక కూడా నెల రోజులు సాయంత్రం అయ్యేసరికి కాస్త తడబడేవాడు. ఆ నెలంతా బిళ్ళలు మేమే చేతికిచ్చాం, డబ్బు లెక్కలు పెట్టలేదు. మూడు నెలలయ్యాక ఒకసారి డాక్టర్ దగ్గర జ్ఞాపకశక్తి చూపించుకున్నాం. డెలీరియం వచ్చినవాళ్ళకి తర్వాత మతిమరుపు వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. అందుకే ఆ చూపింపు.

చాలామందికి ఆ రోజులు ముక్కలు ముక్కలుగా గుర్తుంటాయి. సిగ్గుతో చెప్పరు. ఒకరోజు వాకిట్లో కూర్చుని ఉండగా ఆయనే అడిగాడు. "ఆ రాత్రి నిన్ను కొట్టినానా పాపా?" కొట్టావు అన్నాను. ఎవరో ఎద్దుల్ని తోలుకుపోతున్నారని, ఆ దొంగని కొట్టాననీ ఆయనకి గుర్తు. "ఉప్పు తగ్గింది, ఒంటికి రాక బిగుసుకుపోయింది, దానివల్ల అట్లా కనిపించింది నాయనా" అని ఏమేం జరిగిందో మొదటి నుంచి చెప్పాను. చాలాసేపు విన్నాడు.

డిశ్చార్జి కాగితాల్లో 'డెలీరియం' అన్న మాట రాయించుకోండి. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ రావచ్చు, తర్వాత చూసే డాక్టర్‌కి తెలియాలి. మేము ఫైలు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసిపెట్టాం: ఆపరేషన్ తర్వాత రెండో రోజు డెలీరియం, సోడియం 124, ఒంటికి బిగుసుకుంది, ఎడమ చెవికి మిషన్, నిద్ర మందులు ఇచ్చేముందు అడగండి. మరుసటి ఏడు కంటి ఆపరేషన్‌కి తిరుపతికి బయల్దేరిన పొద్దున, నేను వెతుక్కునేలోపే ఆ కాగితం, చెవి మిషన్ డబ్బా రెండూ ఆయన సంచిలో ఉన్నాయి.